సిపాయి ఉత్తరం, ఇల్లాలి మౌనం: మొదటి ప్రపంచ యుద్ధకాలపు భారతీయ సైనిక లేఖలు - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం రణరంగాలకు వెళ్లిన భారతీయ సైనికులు ఇంటికి రాసిన లేఖలు సెన్సారు అధికారుల అనువాదాల రూపంలో నేటికీ లభిస్తున్నాయి. చరిత్రకారులు వీటిని సామాన్య సైనికుడి గొంతుగా ఆదరించారు. భార్యాభర్తల మధ్య సంభాషణగా ఈ లేఖలను చదవబోయినప్పుడు మాత్రం కొన్ని మౌలికమైన ప్రశ్నలు ఎదురవుతాయి. ఉత్తరం ఎవరు రాశారు? ఎవరు చదివారు? ఎవరు అనువదించారు? ఇల్లాలి జవాబు ఏమైంది? ఈ ప్రశ్నల ఆధారంగా సైనిక లేఖల స్వరూపాన్ని, వాటిని చదివే పద్ధతిని విమర్శనాత్మకంగా పరిశీలించడం, తెలుగు లేఖా సాహిత్య పరిశోధనకు దీనివల్ల కలిగే ప్రయోజనాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: లేఖా సాహిత్యం, సైనిక లేఖలు, సెన్సారు, అనువాదం, స్త్రీ, మౌనం, మౌఖికత.

1. ఉపోద్ఘాతం

తెలుగులో లేఖా సాహిత్యం అనగానే గురజాడ లేఖలు, చలం ఉత్తరాలు, గోపీచంద్ ‘పోస్టు చేయని ఉత్తరాలు’ వంటివి గుర్తుకు వస్తాయి. వీటన్నింటికీ ఒక సమాన లక్షణం ఉంది. రాసినవారు రచయితలు. వారికి సొంత దస్తూరీ ఉంది, సొంత శైలి ఉంది, ఉత్తరాన్ని భద్రపరచే మిత్రులు ఉన్నారు. అందువల్ల లేఖ అంటే ఒక వ్యక్తి అంతరంగానికి అద్దం అనే నిర్వచనం విమర్శలో స్థిరపడింది. రాయడం రాని మనిషి, చదవడం రాని మనిషికి పంపిన ఉత్తరం ఈ నిర్వచనంలో ఇమడదు. అటువంటి ఉత్తరాలు వేల సంఖ్యలో పుట్టిన సందర్భం మొదటి ప్రపంచ యుద్ధం.

1914 సెప్టెంబరు చివరలో భారతీయ సేనలు ఫ్రాన్సులోని మార్సే రేవులో దిగాయి. ఆ అక్టోబరుకే బెల్జియంలోని ఈప్ర పరిసరాల్లో యుద్ధంలోకి దిగాయి. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ యుద్ధంలో తీవ్రంగా నష్టపోయాయి. పదాతి దళాలలో అధిక భాగం 1915 చివర మెసపొటేమియాకు తరలిపోగా, అశ్విక దళాలు 1918 వరకు ఫ్రాన్సులోనే ఉన్నాయి. ఈ సైనికులలో ఎక్కువమంది పంజాబు, వాయవ్య సరిహద్దు, గఢ్వాల్, నేపాల్ ప్రాంతాల రైతు కుటుంబాలవారు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. ఇంటికి, వారికి మధ్య మిగిలిన ప్రధాన బంధం తపాలా.

2. లేఖలు లభించిన తీరు

ఈ ఉత్తరాలు నేడు లభించడానికి కారణం వాటిపై ప్రభుత్వానికి కలిగిన అనుమానం. గదర్ పార్టీ ప్రచార సాహిత్యం సైన్యంలోకి చేరకుండా చూడడానికి భారతీయ తపాలాకు ప్రత్యేక సెన్సారు విభాగాన్ని ఏర్పాటు చేశారు. బులోన్ కేంద్రంగా పనిచేసిన ఈ విభాగానికి తొలి అధిపతి ఈవ్లిన్ హోవెల్. భారతీయ సైనికులు వారానికి వేల సంఖ్యలో ఉత్తరాలు రాస్తున్న కాలమది. సెన్సారు సిబ్బంది వాటిలో కొన్నింటిని పరిశీలించి, ముఖ్యమనుకున్న భాగాలను ఇంగ్లీషులోకి అనువదించి, సైన్యం మనఃస్థితిపై నివేదికలతో కలిపి పై అధికారులకు పంపేవారు. నేడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ఉన్నవి ఈ అనువాద భాగాలే. చాలావరకు మూల ప్రతులు లేవు.

డేవిడ్ ఒమిస్సీ 1999లో ఈ సంచికల నుండి ఆరువందలకు పైగా లేఖలను ఎంపిక చేసి, కాలక్రమంలో ప్రచురించారు. శంతను దాస్ 2018లో వెలువరించిన గ్రంథంలో లేఖలతోపాటు ఛాయాచిత్రాలు, పాటలు, వస్తువులు, ధ్వనిముద్రణలను కూడా చేర్చి పరిశీలన పరిధిని విస్తరించారు. ఈ ఇద్దరి కృషివల్ల వలస సైనికుడు గణాంకం స్థాయి నుండి మనిషి స్థాయికి వచ్చాడు. ఇది కాదనలేని మేలు. అయితే లభించిన వాక్యాన్ని సైనికుడి సొంత గొంతుగా ఉటంకించే అలవాటు కూడా ఆ వెంటనే పెరిగింది. ఆ అలవాటుకు మూల ఆధారం ఎంత గట్టిదో తేల్చుకోవలసి ఉంది.

3. ఒక ఉత్తరం, ఆరుగురు మనుషులు

1911 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వెయ్యిమంది పురుషులలో 106 మందికి, వెయ్యిమంది స్త్రీలలో 10 మందికి మాత్రమే అక్షరాస్యత ఉంది. సైనికుడి ఉత్తరం చాలా సందర్భాల్లో తోటి సిపాయి చేతనో, పటాలంలోని రాయసకాని చేతనో రాయించినది. అది మొదట పటాలం స్థాయిలో అధికారి పరిశీలనకు, తరువాత బులోన్ సెన్సారుకు లోనయ్యేది. ఊరికి చేరిన తరువాత బడిపంతులో, తపాలా బంట్రోతో, చదువు వచ్చిన బంధువో దానిని పైకి చదివి వినిపించేవాడు. ఈ లెక్కన చెప్పేవాడు, రాసేవాడు, పటాలం అధికారి, సెన్సారు, చదివేవాడు, వినేది అని ఆరుగురు ఒక ఉత్తరంలో పాలుపంచుకున్నారు. నేటి పరిశోధకుడి చేతికి అందేది నాలుగో మనిషి చేసిన ఇంగ్లీషు అనువాదం.

అందువల్ల భార్యకు భర్త రాసిన ఉత్తరం ఏకాంత లేఖ కాదు. భర్త తన మాటను ముందు మరొక పురుషుడి ముందు పలకాలి. ఆ మాట మరొక పురుషుడి నోట, అత్తమామల సమక్షంలో భార్య చెవిన పడుతుంది. భార్య పేరెత్తి పిలవడమే మర్యాద కాని కుటుంబాలలో ఆమెను నేరుగా సంబోధించడం సులభం కాదు. లభించిన లేఖలలో ఎక్కువ భాగం తండ్రికో, అన్నకో, మిత్రుడికో రాసినవి కావడం ఈ దృష్టితో అర్థం చేసుకోవాలి. చిరునామాలో తండ్రి ఉన్నంతమాత్రాన ఆ మాట భార్యకు ఉద్దేశించినది కాదని నిర్ణయించలేం. కోడలిని పుట్టింటికి పంపవద్దని, బిడ్డను బడికి పంపమని, పాడి గేదెను అమ్మవద్దని తండ్రికి చెప్పే భర్త ఆ గదిలో కూర్చుని వింటున్న మరొకరితో కూడా మాట్లాడుతున్నాడు. అది మర్యాద చాటున సాగిన సంభాషణ.

సెన్సారు ఉనికి సైనికులకు తెలియనిది కాదు. నల్ల మిరియాలు, ఎర్ర మిరపకాయలు అంటూ భారతీయ, బ్రిటిష్ సైనికుల గురించి సంకేతంగా రాయడం ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ సంకేతాన్ని సెన్సారు సులభంగానే పట్టుకున్నాడు. విమర్శకుడు ఇక్కడ గమనించవలసింది మరొకటి. దాచి చెప్పడం ఈ సైనికులకు యుద్ధం నేర్పిన కొత్త విద్య కాదు. ఉమ్మడి కుటుంబంలో భార్యతో మాట్లాడడానికి వారు అప్పటికే దాచి చెప్పడం నేర్చి ఉన్నారు. సెన్సారు కన్ను కప్పడానికి వాడిన భాష, పెద్దల ఎదుట భార్యకు మాట చేరవేయడానికి వాడిన భాష ఒకే పలుకుబడి నుండి పుట్టాయి.

4. సంప్రదాయ వాక్యాల అర్థం

ఈ లేఖలను చదివిన నేటి పాఠకుడికి మొదట కలిగే భావం నిరాశ. కుశల ప్రశ్నలు, దైవకృప, పెద్దలకు నమస్కారాలు, పొలం, అప్పు, పశువులు, పంపిన సొమ్ము అందిందా లేదా అనే విచారణ. ప్రేమ ఎక్కడ? ఈ ప్రశ్న వేసే పాఠకుడు లేఖ అంటే ఆత్మ నివేదన అనే నిర్వచనాన్ని మనసులో ఉంచుకున్నాడు.

పాత తెలుగు ఉత్తరాల మర్యాద తెలిసినవారికి ఈ లక్షణం కొత్తగా తోచదు. ‘ఉభయకుశలోపరి’ అని తెలుగు ఉత్తరం మొదలయ్యేది. ఇరువైపులా క్షేమం అని చెప్పుకున్న తరువాతనే మిగిలిన విషయం. సైనికుడి ఉత్తరంలో ఈ మొదటి మాట లాంఛనం కాదు. అతడు బతికి ఉన్నాడని చెప్పే వార్త అదే. ఉత్తరం బయలుదేరిన నాటికి అది నిజం. ఊరికి చేరేనాటికి నిజమో కాదో వినేవారికి తెలియదు. వారాల తరబడి ప్రయాణించి వచ్చిన క్షేమ సమాచారం గడచిన క్షేమాన్ని మాత్రమే చెప్పగలదు. ఈ సందర్భంలో లాంఛన వాక్యమే ఉత్తరంలోని అత్యంత బరువైన వాక్యం అవుతుంది.

పొలం, పశువుల ప్రస్తావనలను కూడా ఇదే దృష్టితో చదవాలి. ఫలానా చెలక ఎవరికి కౌలుకిచ్చారు, ఆ అప్పు వడ్డీ ఎంతైంది అని అడిగే సైనికుడు తాను ఇంకా ఆ ఇంటివాడినేనని నిరూపించుకుంటున్నాడు. ఇంటి నిర్వహణ గురించి ఆజ్ఞాపించగలగడమే తన ఉనికికి ఆధారం. ఇందులో అనురాగం ఉంది, అధికారం కూడా ఉంది. ఒకదానిని మరొకదాని నుండి విడదీసి, వీటిని ప్రేమలేఖలుగానో, పురుషాధిపత్య పత్రాలుగానో తేల్చడం ఏకపక్షమవుతుంది. భార్య పుట్టింట్లో ఉండాలా, అత్తింట్లో ఉండాలా అనే ప్రశ్నపై భర్త చూపే ఆందోళనలో ఆమె రక్షణ పట్ల శ్రద్ధ, ఆమె నడవడిపై అనుమానం ఒకే వాక్యంలో కలిసి ఉండగలవు. ఆ కలయికను యథాతథంగా చూపడం విమర్శకుడి పని.

5. ఫ్రెంచి స్త్రీ, ఇంటి స్త్రీ

సైనిక లేఖలలో తరచుగా కనిపించే విషయాలలో ఫ్రెంచి స్త్రీల ప్రశంస ఒకటి. మగవారు యుద్ధానికి పోగా పొలం పనులు, దుకాణాలు, ఇల్లు వారే నడుపుతున్నారని, చదువుకున్నవారని, కొడుకు మరణవార్త విని కూడా ధైర్యంగా ఉన్నారని సైనికులు ఆశ్చర్యంతో రాశారు. ఆ స్ఫూర్తితో తమ ఇళ్లలోని ఆడపిల్లలను చదివించమని కోరినవారూ ఉన్నారు. చరిత్రకారులు దీనిని ఐరోపా అనుభవం తెచ్చిన సంస్కరణ భావంగా గుర్తించారు. ఈ అంచనాలో నిజం ఉంది. విదేశంలో కంటితో చూసిన విషయం సైనికుడి ఆలోచనను కదిలించింది.

అయితే ఈ ప్రశంసలో ఒక లోపం ఉంది. మగవాడు లేని ఇంటిని స్త్రీ నడపడం సైనికుడికి ఫ్రాన్సులో వింతగా కనిపించింది. అదే సమయంలో అతడి సొంత ఇంట్లోనూ అదే జరుగుతున్నది. అతడు లేని రోజుల్లో పశువులకు మేత వేసినవారు, కోతల సమయానికి చేనుకు వెళ్లినవారు, అప్పులవాడికి జవాబు చెప్పినవారు ఎవరు? తండ్రి, అన్నదమ్ములు ఉన్న ఇంట్లోనూ ఆ శ్రమలో పెద్ద వాటా స్త్రీలదే. ఫ్రెంచి స్త్రీ శ్రమ కొత్తది కనుక కంటికి ఆనింది. ఇల్లాలి శ్రమ అలవాటైనది కనుక ఉత్తరంలోకి రాలేదు. ఫ్రెంచి స్త్రీని ఆదర్శంగా చూపిన ఉత్తరం ఊరిలో చదివి వినిపించినప్పుడు, ఆ ఇంటి బరువు మోస్తున్న స్త్రీ దానిని ఎలా విని ఉంటుందనే ప్రశ్నకు లేఖలలో జవాబు లేదు. ఆ ప్రశ్నను వేయకుండా ఈ లేఖలను స్త్రీ అభ్యుదయ పత్రాలుగా పేర్కొనడం తొందరపాటు.

6. ఇల్లాలి మౌనాన్ని చదివే పద్ధతి

సంచికలలో స్త్రీలు రాయించిన లేఖలు స్వల్పం. ఆ కొద్ది లేఖలూ సెన్సారు ఎంపికకు లోనైనవే. సైన్యం మనోబలానికి సంబంధించినంత మేరకే అతడు వాటిని గమనించాడు. భర్త తిరిగి రావాలని కోరే భార్య ఉత్తరం అతడి దృష్టిలో మనోబలాన్ని కుంగదీసే అంశం. ఇంటి వార్తలు మాత్రమే ఉన్న ఉత్తరం నమోదు చేయవలసిన అవసరం లేనిది. ఫలితంగా భాండాగారంలో భార్య ఫిర్యాదుగా మాత్రమే మిగిలే ప్రమాదం ఉంది.

భర్త జవాబు నుండి భార్య ప్రశ్నను ఊహించడం ఒక మార్గం. దిగులు పడవద్దని అతడు రాస్తే ఆమె దిగులు చెప్పి ఉండాలి. సొమ్ము పంపానని నొక్కి చెబితే అందలేదని ఆమె అడిగించి ఉండాలి. ఈ పద్ధతి ఉపయోగకరమే కాని దీనికి హద్దులున్నాయి. అడిగినది భార్యా, తండ్రా, ఉత్తరం రాసిన పంతులా అన్నది జవాబు నుండి తేలదు. ఊహను ఆధారంగా చూపి ఆమె నోట మాటలు పెట్టడం, సెన్సారు చేసిన పనికి మరొక రూపమే అవుతుంది. ఒమిస్సీ సంకలనంలో లేఖల పరిమితులపై స్పష్టమైన చర్చ ఉంది. ఆ చర్చను వదిలి, సంకలనంలోని వాక్యాలను మాత్రమే ఎత్తుకునే రచనలలోనే ఈ దోషం ఎక్కువ.

పోలిక కోసం ఇక్కడ రెండు ఆధారాలను ప్రస్తావించవచ్చు. మొదటిది చంద్రధర్ శర్మ గులేరీ 1915లో ‘సరస్వతి’ పత్రికలో ప్రచురించిన హిందీ కథ ‘ఉస్నే కహా థా’. ఆమె చెప్పింది అని దీనికి అర్థం. ఫ్రాన్సు కందకంలో లహనా సింగ్ ప్రాణం విడవడానికి కారణం తన భర్తను, కొడుకును కాపాడమని సుబేదారు భార్య కోరిన కోరిక. ఆమె మాట ఉత్తరంగా రాలేదు. ఎవరూ రాయలేదు, ఎవరూ సెన్సారు చేయలేదు. అది అతడి జ్ఞాపకంలో మాత్రమే ప్రయాణించింది. కథ చివర మాత్రం అతడి మరణం పత్రికలో గాయపడి మరణించినవారి జాబితాలో ఒక పంక్తిగా వస్తుంది. స్త్రీ మాటకు, అధికార పత్రానికి మధ్య ఉన్న దూరాన్ని యుద్ధం సాగుతుండగానే గులేరీ పట్టుకున్నాడు. భాండాగారం ఇవ్వలేని ఆమె మాటను కథ తన కేంద్రంలో నిలిపింది.

రెండవది బెర్లిన్ సమీపాన వున్స్‌డార్ఫ్ బందీల శిబిరంలో జర్మను పండితులు చేసిన ధ్వనిముద్రణలు. 1916 డిసెంబరులో మాల్ సింగ్ అనే సైనికుడు తన ఇంటి బెంగను ఎవరో ఒక మనిషి కథగా, ప్రథమ పురుషలో పలికాడు. ఇక్కడ రాయసకాడు లేడు, గొంతు అతడిదే. అయినా ‘నేను’ అనలేదు. దీనివల్ల ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. మధ్యవర్తులను ఒక్కొక్కరిగా తొలగించుకుంటూ పోతే చివరకు స్వచ్ఛమైన అంతరంగం దొరుకుతుందనే నమ్మకానికి ఆధారం లేదు. చాటు, మర్యాద, కథగా చెప్పడం ఆ మనుషుల వ్యక్తీకరణలోనే భాగం. వాటిని ఆటంకాలుగా కాక రీతులుగా చదవాలి.

7. సెన్సారు, అనువాదకుడు

హోవెల్‌ను కేవలం నిఘా అధికారిగా చూడడం కూడా సరికాదు. అతడు పష్తో భాష తెలిసినవాడు. తరువాతి కాలంలో ఒలాఫ్ కారోతో కలిసి ఖుషాల్ ఖాన్ ఖటక్ కవితలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. లేఖలలోని సామెతను, ఉపమానాన్ని గుర్తించగల సాహిత్య దృష్టి అతడికుంది. నేడు ఈ లేఖలు పాఠకుడిని ఆకట్టుకోవడంలో ఆ దృష్టికి కొంత వాటా ఉందని ఒప్పుకోవాలి. చమత్కారమైన ఉపమానం, తీవ్రమైన నిరాశ, వింత పోలిక ఉన్న భాగాలు అనువాదానికి ఎక్కాయి. సాదా ఉత్తరాలు ఎక్కలేదు. పరిశోధకుడు సైనికుల భాష కవితాత్మకమని సిద్ధాంతీకరించే ముందు, ఆ కవితాత్మకత ఎంతవరకు సైనికుడిది, ఎంతవరకు ఎంపిక చేసినవాడి అభిరుచిది అని ఆలోచించాలి. మూలం లేని అనువాదంపై శైలీ విమర్శ చేయడానికి ఇదే ప్రధానమైన అడ్డంకి.

8. తెలుగు పరిశోధనకు సూచనలు

ఫ్రాన్సు సెన్సారు సంచికలలో ప్రధానంగా ఉన్నవి ఉత్తర భారత భాషల లేఖలు. అయితే యుద్ధానికి వెళ్లినవారిలో దక్షిణాదివారూ ఉన్నారు. మద్రాసు శాపర్స్ అండ్ మైనర్స్ దళాలు మెసపొటేమియాలో పనిచేశాయి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం మొదటి ప్రపంచ యుద్ధకాలం నుండి తరతరాలుగా సైనికులను పంపిన గ్రామంగా పేరొందింది, మిలిటరీ మాధవరం అనే పేరు కూడా సంపాదించింది. ఇటువంటి గ్రామాలలో సైనికుల శౌర్యం గురించి వార్తా కథనాలు తరచుగా వస్తుంటాయి. ఉత్తరాల గురించి, ఉత్తరాల కోసం ఎదురుచూసినవారి గురించి సాహిత్య పరిశోధన జరగవలసి ఉంది.

ఇందుకు మూడు మార్గాలు అనుసరణీయం. ఒకటి, తెలుగు సైనిక కుటుంబాలలో మిగిలిన కార్డులు, కవర్లు, మనియార్డరు కూపన్లను మూల దస్తూరీతో సహా సేకరించడం. ఫ్రాన్సు సంచికలలో లేని మూల ప్రతి, రెండవ ప్రపంచ యుద్ధం నుండి ఇటీవలి కాలం వరకు సాగిన సైనిక సేవకు సంబంధించి తెలుగు ఇళ్లలో దొరికే అవకాశం ఉంది. రెండు, ఉత్తరాలు చదివి వినిపించినవారి, విన్నవారి జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా నమోదు చేయడం. ఉత్తరం మౌఖిక రూపంలో జీవించింది కనుక వినికిడి కూడా ఆధారమే. మూడు, కుటుంబ లేఖల గోప్యతను కాపాడుతూ, వారసుల అనుమతితోనే ప్రచురించడం. సెన్సారు అడగకుండా చదివాడు. పరిశోధకుడికి ఆ హక్కు లేదు.

9. ముగింపు

సైనికుడి ఉత్తరాన్ని అంతరంగ దర్పణంగా చదివితే అది పేలవంగా కనిపిస్తుంది. అనేకుల చేతుల మీదుగా, అనేకుల ఎదుట సాగిన సంభాషణగా చదివితే దాని బరువు తెలుస్తుంది. అదే సమయంలో, ఆ సంభాషణలో ఒక పక్షం మాట చాలావరకు దక్కలేదన్న వాస్తవాన్ని పరిశోధన దాచకూడదు. ఇల్లాలి మౌనాన్ని ఊహతో పూరించడం కంటే, ఆ మౌనం ఎలా ఏర్పడిందో చెప్పడం నిజాయితీగల పని.

పాత మనియార్డరు పద్ధతిలో సొమ్ము అందుకున్నవారి సంతకమో, వేలిముద్రో ఉన్న రసీదు తిరిగి పంపినవారికి చేరేది. చదువురాని ఇల్లాలు భర్తకు నేరుగా, మరొకరి మాట కలవకుండా పంపగలిగినది ఆ వేలిముద్ర ఒక్కటే. లేఖా సాహిత్యం నిర్వచనం దానిని కూడా లేఖగా గుర్తించేంత విశాలం కావాలి.